కాపురం లేని మేడ

“ఏడే,” అన్నారు మామగారు మూడోసారి లెక్కపెట్టి.

కోడలు నమ్మలేదు. ఆయన చేతిలోని భూతద్దం లాక్కున్నంత పని చేసి, బల్ల మీద నిలబెట్టిన తురుముపీట మీదకు తనే వంగింది. క్యారెట్లు తురుముకునే మామూలు స్టీలు తురుముపీట, నాలుగు పలకలది, పైన పిడి. ఏ వరుస లెక్కపెట్టినా ఏడు కన్నాలే వస్తున్నాయి.

“వాళ్ళు తయారుచేసేదానికి వరుసకి ఆరే ఉంటాయట మామయ్యా. వాళ్ళ ఫ్యాక్టరీ ఫోర్‌మన్ నా ఫోటో చూసి కన్నాలు లెక్కపెట్టాడట. ఇది మన సరుకు కాదు, పోటీ కంపెనీది అని తేల్చేశాడట.”

“ఫోటో చూసి కన్నాలు లెక్కపెట్టాడా? ఎవరో గట్టివాడే,” అన్నారు మామగారు కాస్త మెచ్చుకోలుగా. ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి. తేడా పట్టుకున్నవాడు శత్రువైనా ఆయనకు ముద్దొస్తాడు.

కోడలి కళ్ళు మాత్రం ఫోన్ మీదే ఉన్నాయి. ఇంటి సామాన్ల కంపెనీ నుంచి క్యాటలాగు మేడమ్ ఫోన్ చేసి పెట్టేసి అయిదు నిమిషాలు కూడా కాలేదు. ఆవిడ కోప్పడలేదు, అదే భయం. “పదకొండు ఫోటోలూ పొద్దున్నే అచ్చుకి వెళ్ళిపోయాయండీ. ఇది పన్నెండోది. నాలుగింటికి నేనే మీ ఇంటికొస్తాను. మా తురుముపీటతో, ఇంత బాగానూ ఇంకో ఫోటో ఉండాలి. పన్నెండూ సరిగ్గా ఇస్తేనే వచ్చే ఏడాది పనంతా మీది,” అని మెత్తగా చెప్పి పెట్టేసింది.

గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది.

ఒప్పందం ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకంటే అది పెట్టింది కోడలే. పన్నెండు ఫోటోలూ కుదిరితే ఈ భోజనాల గది ఆమె పనిగది. కుదరకపోతే సోమవారం నుంచి బల్ల భోజనాలకి, కెమెరా బీరువాలోకి, ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసులో పాత కుర్చీలోకి. ఆ ఆఫీసు వాళ్ళు ఇవాళ అయిదు లోపల అవునో కాదో చెప్పమన్నారు. పదకొండు రోజులుగా ఇంటిల్లిపాదీ పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో తింటున్నది ఈ పన్నెండు కోసమే.

“వాళ్ళు పంపింది ఇంట్లోకి వచ్చింది. డబ్బా నేనే విప్పాను. మరి ఎక్కడికి పోయింది?” అంది కోడలు.

“దొరికింది,” అంటూ వంటింట్లోంచి భర్త వచ్చాడు.

అతను పళ్ళసెట్లు తయారుచేస్తాడు. ఏ వస్తువునైనా రెండు వేళ్ళతో పట్టుకోవడం అలవాటు. ఇప్పుడూ అలాగే పట్టుకొచ్చాడు. కొత్త తురుముపీట, వరుసకి ఆరు కన్నాలు, కన్నాల నిండా క్యారెట్ తురుము.

అందరి చూపులూ వంటింటి గుమ్మం వైపు తిరిగాయి. అక్కడ అత్తగారు చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంటోంది.

“అమ్మా, ఇది వంటింట్లోకి ఎలా వచ్చింది?”

“నడిచొస్తుందా? నేనే తీసుకెళ్ళాను.”

“ఎప్పుడత్తయ్యా?” అడిగింది కోడలు.

“నాలుగు రోజులైంది. నువ్వు అన్నిటికీ పౌడరు పూసి వదిలేస్తావు కదా. సాయంత్రం కడిగి తుడిచి మళ్ళీ పెడుతున్నాను కదా. ఆ రోజు పెట్టేటప్పుడు...” ఆవిడ నీళ్ళు నమిలింది. “మనది పెట్టాను. ఇది పదునుగా ఉంది, ఊరికే పడుందని వంటకి తీసుకున్నాను. ఏదైతేనేం, తురుముపీటే కదా అనుకున్నాను.”

మెరిసే స్టీలు ఫోటోలో కళ్ళు చెదరగొడుతుంది. అందుకని కోడలు ప్రతి వస్తువుకీ పలచగా టాల్కం పౌడరు అద్దుతుంది. అద్దాక కొత్తదీ పాతదీ ఒక్కలాగే ఉంటాయి. వస్తువుల్ని చూడటమే తన పని అని చెప్పుకునే మనిషి, ఇంట్లో రోజూ చూసే వస్తువునే గుర్తుపట్టలేకపోయింది. ఆ సంగతి అర్థమైన కొద్దీ ఆమె కోపం రెట్టింపైంది.

“ఈ బల్ల మీదవి ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పానత్తయ్యా?”

“ముట్టుకోకపోతే కడిగేదెవరు?”

“కడగమని నేనడిగానా?”

“అడగలేదు. ఎవరడిగారని ఈ ఇంట్లో నేను ఇన్ని పనులు చేస్తున్నాను?”

మామగారు భూతద్దం తుడుచుకున్నారు. భర్త తురుముపీటలోంచి క్యారెట్ పోగులు ఒక్కొక్కటీ లాగుతూ నేల చూశాడు.

“మీ వల్ల నా ఏడాది పని పోతోంది,” అంది కోడలు. అనకూడని మాటని ఆమెకీ తెలుసు. అయినా అంది.

అత్తగారి మొహం మాడిపోయింది. “అమ్మాయ్, ఇంకో సంగతి కూడా...” అని మొదలుపెట్టింది.

“ఇప్పుడేమీ వద్దత్తయ్యా. ఏదున్నా నాలుగు దాటాక చెప్పండి.”

అత్తగారు నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అక్కడి నుంచి ఒక్క గిన్నె చప్పుడు కూడా రాలేదు. ఆ ఇంట్లో అది అరుపుల కన్నా పెద్ద విషయం.

మిట్టమధ్యాహ్నం ఆ గదిలో సాయంత్రం చేయాలి. కిటికీలకి దుప్పట్లు కట్టారు. బల్ల వెనక నీలం కాగితం వంచి నిలబెట్టారు, అది ఆకాశం. దువ్వెన అడ్డంగా పెడితే ప్రహరీ కంచె. రెండు గుండుసూదులు నిలబెడితే వీధి దీపాలు. మధ్యలో తురుముపీట, దాని లోపల చిన్న బల్బు. దీపాలు వెలిగిన నాలుగంతస్తుల మేడ. పాత తురుముపీటతో తీసిన ఆ ఫోటో చూసి కంపెనీ ఓనరు రెండు రోజులు దాని గురించే మాట్లాడాడట, ఫోర్‌మన్ లెక్కపెట్టేదాకా.

“బల్బు ఇంకొంచెం కిందకి మామయ్యా. వెలుగు తగ్గించండి. ఇంకా. చాలు.”

మామగారు వైరు పట్టుకుని బల్ల కింద దూరారు. ఆయన ఉత్సాహం అంతా ఇంతా కాదు. రిటైరయ్యాక ఇంత అవసరం ఆయనతో ఎవరికీ పడలేదు.

మొదటి ఫోటో వచ్చింది. రెండోది వచ్చింది. పదిహేనోది కూడా వచ్చింది.

“బానే ఉందిగా,” అన్నాడు భర్త తెర మీద చూస్తూ.

“బానే ఉంది. ఏడుపొస్తోంది.”

తప్పు ఎక్కడుందో చెప్పలేకపోయింది. వెలుగు సరిగ్గా పడింది. గీతలు నిటారుగా ఉన్నాయి. కన్నాలన్నీ ఒకే తీరున వెలుగుతున్నాయి. పాత ఫోటో పక్కన పెడితే మాత్రం ఇది తేలిపోతోంది. పాతదాన్ని చూస్తే లోపలికి వెళ్ళి తలుపు కొట్టాలనిపిస్తుంది. దీన్ని చూస్తే అదొక స్టీలు తురుముపీట, లోపల బల్బు ఉంది, అంతే అనిపిస్తుంది.

గోడ మీద అంటించిన పదకొండు ఫోటోల వంక చూసింది, ధైర్యం కోసం. తీగ మీద పిట్టల్లా వాలిన బట్టల క్లిప్పులు. వెదురు తోపులా నిలబడ్డ దువ్వెన. గాలికి వంగిన పైరులా గిన్నెలు తోమే బ్రష్షు. అన్నిటికన్నా ఆమెకిష్టమైనది జల్లెడ. పిండి జల్లించుకునే జల్లెడ కింద దీపం పెట్టి తీసింది. నల్లటి ఆకాశం నిండా చుక్కలు, వాటి మధ్య ఒక్కటే పెద్ద చుక్క. ఆ పెద్ద చుక్క ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. వెలుగు ఒక్కోసారి అడక్కుండానే వరమిస్తుందని భర్తతో గొప్పగా చెప్పుకుంది.

ఇవాళ వెలుగు ఏమీ ఇవ్వడం లేదు. రెండుంబావు అయింది.

ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి తీసింది. కంచె తీసేసి తీసింది, పెట్టి తీసింది. మామగారి నడుము పట్టేసింది. మూడు అవుతుండగా కోడలు కెమెరా మీద చెయ్యి తీసేసి, ఫోన్ అందుకుని ఇన్సూరెన్స్ ఆఫీసు నంబరు వెతకడం మొదలుపెట్టింది.

“ఏవండీ, సోమవారం నేను చేరతానని చెప్పేస్తాను. అయిదు దాకా ఆగి మాత్రం ఏం ప్రయోజనం?”

ఆగమనే ధైర్యం భర్తకీ లేదు.

అప్పుడు అత్తగారు వచ్చింది. చేతిలో నాలుగు టీ గ్లాసుల పళ్ళెం. పెట్టడానికి చోటు లేక బల్ల చుట్టూ తిరిగి కెమెరా దగ్గర ఆగింది. పదకొండు రోజుల్లో ఆవిడ ఆ పెట్టె లోపలికి ఎప్పుడూ చూడలేదు. పళ్ళెం కొడుక్కి అందించి, వంగి, ఒక కన్ను మూసి చూసింది. చాలాసేపు చూసింది.

“ఎవరూ లేరు ఇందులో,” అంది.

“ఏంటత్తయ్యా?”

“మేడ కట్టారు, రంగులేశారు, ఇంకా ఎవరూ దిగలేదు. కాపురం లేని మేడ ఇది.”

“అదెలా చెప్తావే?” అన్నారు మామగారు బల్ల కింద నుంచి.

“అన్ని కిటికీల్లోనూ ఒక్కసారే దీపం వేసుకునే ఇళ్ళెక్కడైనా ఉంటాయా? ఒకళ్ళు ఇంకా పని నుంచి రారు. ఒకళ్ళకి తలనొప్పి, దీపం ఆర్పేసి పడుకుంటారు. ఒకళ్ళు తెర సగం లాగుతారు. మనదాంట్లో అన్నీ ఉన్నాయి. పళ్ళు అరిగిపోయి, రెండు వంగిపోయి, నాలుగు పూడిపోయి. ఎంత తోమినా రావు అవి.”

కోడలి చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. తర్వాత సోఫా మీదకు ఎగిరిపడింది. ఆమె పాత ఫోటో దగ్గరకు పరుగెత్తి చూసింది. నిజమే. చీకటి కిటికీలు నాలుగున్నాయి. మసక కిటికీలు అయిదో ఆరో. ఈ మూడు రోజులూ ఆ ఫోటోని వందసార్లు చూసింది. వెలిగిన కిటికీలనే చూసింది.

“కన్నాలు మూసేద్దాం. కొన్ని మూసేద్దాం. దేంతో మూస్తాం?”

“మైనం,” అన్నాడు భర్త. తన పనిసంచిలోంచి గులాబీరంగు మైనం తీసి, సన్నటి పరికరంతో లోపలి నుంచి ఆరు కన్నాలు చకచకా పూడ్చాడు. అతని వేళ్ళ నేర్పు చూసి తల్లికే ముచ్చటేసింది. బల్బు వేసిన మూడు నిమిషాలకి మైనం కరిగి గోడల వెంట కారింది.

“మీ మేడ కురుస్తోంది,” అన్నారు మామగారు.

అత్తగారు లోపలికెళ్ళి గోధుమపిండి ముద్ద తెచ్చింది. మిరియం గింజంత చిదిపి, పుల్లతో ఒక కన్నంలోకి నొక్కింది. బల్బు వేసి చూశారు. కారలేదు. అది చీకటి కిటికీ అయి కూర్చుంది.

ఆ తర్వాత ఆ గదిలో ఎవరికీ ఒళ్ళు తెలియలేదు.

“రెండో అంతస్తు మూల గది మూసెయ్. అక్కడ నర్సు ఉంటుంది, డ్యూటీకెళ్ళింది,” అంది అత్తగారు.

“దాని పక్కది?”

“పరీక్షకి చదువుకునే పిల్ల. ఆ దీపం ఆర్పకు.”

“నాలుగో అంతస్తులో సగం ఖాళీ,” అన్నారు మామగారు. “లిఫ్టు పనిచెయ్యదు.”

“మూడో అంతస్తులో కొత్తగా పెళ్ళైనవాళ్ళున్నారు,” అన్నాడు భర్త.

“అయితే అది మూసెయ్,” అంది అత్తగారు క్షణం ఆలోచించకుండా. మామగారు నవ్వు ఆపుకోలేక బల్లకి తల కొట్టుకున్నారు.

సగం పూడిస్తే సగం లాగిన తెర అయింది. కన్నం వెనక నూనె కాగితం ముక్క అతికిస్తే పసుపు పచ్చని పాత బల్బు అయింది. ఒక్క కిటికీ గురించి తల్లీకొడుకులకి పెద్ద తగువైంది. అందులో ఉండేది ఒంటరి ముసలాయనా, అద్దెకున్న ఇద్దరు అన్నదమ్ములా అని. చివరికి ముసలాయనే గెలిచాడు, దీపం వెలిగే ఉంది.

పిండి నొక్కుతూ నొక్కుతూ అత్తగారు చెయ్యి ఆపింది.

“పదును కోసం కాదమ్మాయ్,” అంది, కోడలికి మాత్రమే వినపడేటట్టు. “ఇందాక అబద్ధం చెప్పాను.”

“మరి?”

“నువ్వు దువ్వెనకి ఫోటో తీశావు. ఉత్త ప్లాస్టిక్ దువ్వెన. దాన్ని చూసి కళ్ళు తిప్పుకోలేకపోయాను. మన తురుముపీట నేను కాపురానికొచ్చిన ఏడు కొన్నది. ఎన్నిసార్లు వేళ్ళు గీరుకుపోయాయో దాంతో. ఒక్కసారి దాన్నీ ఎవరైనా అలా చూస్తే బావుండుననిపించింది. ఫోటో అయ్యాక మార్చేద్దామనుకున్నా. నువ్వు దాన్నే పంపిస్తావని నాకేం తెలుసు?”

“అడిగితే తీయనా అత్తయ్యా?”

“దువ్వెన అడిగిందా నిన్ను?”

కోడలికి ఇందాక అన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది. క్షమించమని అడగాలనుకుంది కానీ మూడూ నలభై అయింది. అత్తగారి మణికట్టు గట్టిగా పట్టుకుని వదిలేసి, కెమెరా దగ్గరకు పరుగెత్తింది.

ఏడో ఫోటో తెర మీదకు వచ్చేసరికి అందరూ దాని మీదకు వంగారు. ఆ మేడలో మనుషులున్నారు. ఎవరో వంట చేస్తున్నారు, ఎవరో ఎవరి కోసమో చూస్తున్నారు. నర్సు ఇంకా రాలేదు.

“ఇదే,” అంది కోడలు.

క్యాటలాగు మేడమ్ సరిగ్గా నాలుగింటికి తలుపు కొట్టింది. పొట్టి మనిషి, భుజాన పెద్ద సంచి. కూర్చోమన్నా కూర్చోలేదు. కళ్ళద్దాలు పైకి నెట్టి తెర మీద వేలు పెట్టి మొదట కన్నాలు లెక్కపెట్టింది. మూసిన కిటికీలతో కలిపి వరుసకి ఆరు. అప్పుడు ఫోటో చూసింది.

“మొదటిదానికన్నా బావుంది,” అంది. “ఈ కిటికీలు మూయడం ఎవరి ఆలోచన?”

“మా అత్తయ్యది.”

అత్తగారు సంతోషంతో ఎర్రబడింది. తర్వాత ఎందుకో తెల్లబడింది. అది ఎవరూ గమనించలేదు.

“ఏడాది పని మీదేనండీ. సోమవారం వచ్చి సంతకం పెట్టండి.” మేడమ్ సంచి సర్దుకుంది. “ఒక రహస్యం చెప్పనా? ముఖచిత్రం మీ జల్లెడే. ఆ పెద్ద చుక్క చూసి ఓనరు గారు ఇంకోటి చూడనన్నారు. ఆరింటికి మెషిన్ ఎక్కుతుంది. మా ఫోర్‌మన్‌తోనే గొడవ. తురుముపీట పట్టుకున్నాక ఆయనకి ఊపొచ్చింది, అన్నీ లెక్కపెడతానంటున్నాడు. పొద్దుటి నుంచి దువ్వెన పళ్ళ మీద ఉన్నాడు.”

అందరూ నవ్వారు. మేడమ్ మెట్లు దిగి వెళ్ళింది. తలుపు వేయగానే మామగారు దుప్పట్లు లాగేశారు, గదిలోకి ఎండ పడింది. భర్త ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. కోడలు సోఫా మీది ఫోన్ అందుకుని ఇన్సూరెన్స్ ఆఫీసుకి తనే చేసింది.

“రానండీ. లేదు, ఆలోచించే చెప్తున్నాను. ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చేయండి.” పెట్టేసి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఒళ్ళంతా తేలికైనట్టుంది.

“అమ్మాయ్,” అంది అత్తగారు. ఆవిడ ఒక్కతే నవ్వడం లేదు. “నాలుగు దాటింది కదా.”

“దాటిందత్తయ్యా, ఇప్పుడు చెప్పండి. ఎంతసేపైనా వింటాను.”

అత్తగారు గోడ మీది ఫోటోల వైపు చూసింది.

“జల్లెడ కూడా మనదే.”

భర్త జల్లెడ ఫోటో దగ్గరకు నడిచాడు.

“కిందటేడు మేకు దిగి చిల్లు పడింది దానికి. పారెయ్యబుద్ధి కాలేదు. నీ పెద్ద చుక్క అదే.”

కోడలు గడియారం చూసింది. నాలుగూ ఇరవై. ఆరింటికి మెషిన్. దువ్వెన పళ్ళ మీద ఫోర్‌మన్. ఇప్పుడే వదులుకున్న కుర్చీ. ఇవన్నీ ఒక్కసారే తలలో తిరిగాయి. కాళ్ళు మాత్రం అప్పటికే కిటికీ దగ్గరున్నాయి.

కింద వీధిలో క్యాటలాగు మేడమ్ ట్యాక్సీ తలుపు తీస్తోంది.

“మేడమ్,” అని పిలిచింది కోడలు.

ఆవిడ ఆగి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. మొహం నిండా ఇంకా ఆ నవ్వే ఉంది.

“ఏమైనా మర్చిపోయానా?” అని అడిగింది.